జాబిక్స్‌లో ఏజెంట్లకు అలారాల సమూహాలను కేటాయించడం: తరచుగా అడిగే ప్రశ్నలు

జాబిక్స్ సర్వర్లను పర్యవేక్షించే సాఫ్ట్‌వేర్. ఏజెంటు అంటే పర్యవేక్షించే యంత్రంలో నడుస్తూ కొలతలు చెప్పే చిన్న ప్రోగ్రాము. సర్వర్ల పర్యవేక్షణ బాధ్యత కొత్తగా చేపట్టినవారు మొదటి నెలలో అడిగే సందేహాలు దాదాపు ఒకేలా ఉంటాయి. ఏడాది అనుభవం ఉన్నవారు కూడా వాటిలో కొన్నింటిని మళ్లీ అడుగుతారు. ప్రతిసారీ విడివిడిగా జవాబు రాసే బదులు వాటన్నిటినీ ఇక్కడ ఒకచోట చేర్చాను. జాబిక్స్ 6.0, 7.0 వెర్షన్లను దృష్టిలో పెట్టుకుని రాసిన జవాబులివి. వెర్షన్ల మధ్య తేడా ఉన్నచోట ఆ సంగతి అక్కడే చెప్పాను. ఏ జవాబుకు ఆ జవాబు సంపూర్ణంగా ఉంటుంది కనుక మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లవచ్చు.

## కేటాయింపుకు ముందు

జాబిక్స్‌లో "అలారాల సమూహం" అనే పేరుతో ఏదీ కనబడటం లేదు. దాన్ని ఎక్కడ వెతకాలి?

మీరు వెతుకుతున్నది టెంప్లేట్. ఇతర సాఫ్ట్‌వేర్‌లలో అలారం అని పిలిచేదాన్ని జాబిక్స్‌లో ట్రిగ్గర్ అంటారు. ఏ విలువను కొలవాలో చెప్పేది ఐటెం, ఆ విలువ ఏ స్థాయి దాటితే సమస్యగా పరిగణించాలో చెప్పేది ట్రిగ్గర్. ఒకే పనికి సంబంధించిన ఐటెంలను, ట్రిగ్గర్లను, గ్రాఫులను, డిస్కవరీ నియమాలను (యంత్రంలో ఏమేమి ఉన్నాయో కనుక్కునే నియమాలను), పరిమితుల మ్యాక్రోలను (విలువలకు పెట్టిన పేర్లను) ఒక కట్టగా కడితే అది టెంప్లేట్ అవుతుంది. ఆ కట్టను ఒక హోస్ట్‌కు (పర్యవేక్షణలో ఉన్న యంత్రానికి) లింక్ చేయడమే అలారాల సమూహాన్ని కేటాయించడం.

ఏజెంటుకు అలారం కేటాయిస్తే, ఆ అలారాన్ని లెక్కగట్టేది ఏజెంటేనా?

కాదు. ఏజెంటు కొలిచి చెప్పడం వరకే చేస్తుంది. ఆ విలువను ట్రిగ్గర్ సూత్రంతో పోల్చి, సమస్య ఉందో లేదో తేల్చేది జాబిక్స్ సర్వర్. ప్రాక్సీ (ఏజెంట్ల కొలతలను పోగుచేసి సర్వర్‌కు చేరవేసే మధ్యవర్తి ప్రోగ్రాము) మధ్యలో ఉన్నా తీర్పు సర్వర్‌దే. దీనివల్ల ఒక లాభం ఉంది: పరిమితిని 90 నుంచి 95కు మార్చాలంటే ఏజెంటు ఉన్న యంత్రాన్ని ముట్టుకోనక్కర లేదు, దాన్ని మళ్లీ స్టార్ట్ చేయనక్కర లేదు.

ఇందులో ఒక ప్రమాదం కూడా ఉంది. ఏజెంటు ఆగిపోతే కొత్త విలువలు రావు. విలువలు రాకపోతే సీపీయూ, మెమరీ వంటి ట్రిగ్గర్లు తమ చివరి స్థితిలోనే ఉండిపోతాయి. చివరి స్థితి బాగున్నట్టయితే యంత్రం పడిపోయిన తరువాత కూడా ఆ ట్రిగ్గర్లు బాగున్నట్టే చూపిస్తాయి. అందుచేత ఏ సమూహాన్ని కేటాయించినా, "ఏజెంటు అందుబాటులో లేదు" అని చెప్పే ట్రిగ్గర్ అందులో ఉందో లేదో ముందుగా చూడాలి. అధికారిక లైనక్స్, విండోస్ టెంప్లేట్లలో అది ఉంటుంది. సొంతంగా రాసుకున్న టెంప్లేట్లలో తరచుగా లేకుండా పోయేది అదే.

సర్వర్‌ను ఒక హోస్ట్ గ్రూపులో చేరిస్తే ఆ గ్రూపు అలారాలు వాటంతట అవే వస్తాయి కదా?

రావు. ఇది అన్నిటికన్నా ఎక్కువగా కనిపించే అపోహ. హోస్ట్ గ్రూపు అనేది ఎవరికి ఏ యంత్రాలు కనబడాలి, ఏ నోటిఫికేషన్ నియమం దేనికి వర్తించాలి అన్న విషయాల కోసం ఏర్పడినది. టెంప్లేట్ హోస్ట్‌కు లింక్ అవుతుంది గాని గ్రూపుకు లింక్ కాదు. "డేటాబేస్ సర్వర్లు" అనే గ్రూపులో కొత్త యంత్రాన్ని చేర్చి ఊరుకుంటే దానికి ఒక్క అలారం కూడా ఉండదు. అంతకన్నా చిక్కు ఏమిటంటే, ఆ గ్రూపు తెర తెరిచినవారికి ఆ యంత్రం ఏ సమస్యా లేకుండా కనిపిస్తుంది. గ్రూపులో చేర్చడం, టెంప్లేట్ లింక్ చేయడం రెండు వేర్వేరు పనులని గుర్తుంచుకోవాలి. 6.2 నుంచి టెంప్లేట్లకు వేరే గ్రూపులు ఏర్పరచడంతో ఈ గందరగోళం కొంత తగ్గింది.

ఏ సర్వర్‌కు ఏ టెంప్లేట్లు ఇవ్వాలో ఎలా తేల్చుకోవాలి?

ఆ యంత్రం చేసే పనిని బట్టి తేల్చుకోవాలి. "అందుబాటులో ఉన్న టెంప్లేట్లన్నీ ఇచ్చేద్దాం, తరువాత తగ్గించుకుందాం" అనే పద్ధతి నేను చూసినంతవరకు ఎక్కడా నిలబడలేదు. తగ్గించే రోజు రాదు. ఈలోగా బృందం మెయిళ్లను చదవడం మానేస్తుంది.

మూడు పొరలుగా ఆలోచించడం మేలు. అట్టడుగున ఆపరేటింగ్ సిస్టమ్: సీపీయూ, మెమరీ, డిస్కు, యంత్రం రీస్టార్ట్ అయిందా లేదా అన్న సంగతి. ఇది ప్రతి యంత్రానికీ కావాలి. దాని మీద సేవ: మైఎస్‌క్యూఎల్, ఎన్‌జిన్‌ఎక్స్, రెడిస్ వంటివి. ఇది ఆ సేవ నడిచే యంత్రాలకు మాత్రమే. అన్నిటికన్నా పైన మీ సంస్థ సొంత అప్లికేషన్: క్యూలో ఎన్ని లావాదేవీలు నిలిచిపోయాయి, లాగిన్ పేజీ ఎన్ని సెకన్లలో తెరుచుకుంటోంది అన్నవి. ఈ మూడో పొర ఎక్కడా రెడీమేడ్‌గా దొరకదు, మీరే రాసుకోవాలి. విచారకరమైన విషయం ఏమిటంటే, వినియోగదారులకు నిజంగా తగిలే దెబ్బను ముందుగా పట్టుకునేది ఈ పొరే అయినా చాలా చోట్ల ఇది ఖాళీగానే ఉంటుంది.

టెంప్లేట్‌లోని ప్రతి ట్రిగ్గర్ ముందూ ఒక ప్రశ్న వేసుకోండి: ఇది రాత్రి రెండు గంటలకు మోగితే, షిఫ్టులో ఉన్న మనిషి ఏమి చేస్తాడు? "ఏమీ చేయడు, పొద్దున చూస్తాడు" అన్నది జవాబైతే దాని తీవ్రతను సమాచారం స్థాయికి దించండి. "ఎవరూ ఎప్పుడూ చూడరు" అన్నది జవాబైతే దాన్ని ఆపేయండి.

పాసివ్, యాక్టివ్ అని రెండు రకాల టెంప్లేట్లు ఉన్నాయి. నాకు ఏది సరిపోతుంది?

పాసివ్ పద్ధతిలో జాబిక్స్ సర్వరే ఏజెంటు ఉన్న యంత్రంలోని 10050 పోర్టుకు వెళ్లి విలువ అడుగుతుంది. యాక్టివ్ పద్ధతిలో ఏజెంటే సర్వర్‌లోని 10051 పోర్టుకు వచ్చి, తాను కొలవవలసిన జాబితాను తీసుకుని, విలువలను పంపుతుంది. లోపలికి వచ్చే కనెక్షన్లను ఫైర్‌వాల్ అనుమతించని యంత్రాలకు, చిరునామాలు మారిపోయే క్లౌడ్ యంత్రాలకు, లాగ్ ఫైళ్లను చదవవలసిన చోట యాక్టివ్ తప్పనిసరి. ఒకే నెట్‌వర్క్‌లో కదలకుండా ఉండే కొద్దిపాటి సర్వర్లకు పాసివ్ సులువు. ఒకే యంత్రానికి లైనక్స్ పాసివ్ టెంప్లేట్‌ను, లైనక్స్ యాక్టివ్ టెంప్లేట్‌ను రెండిటినీ లింక్ చేయడం కుదరదు, ఎందుకంటే రెండింటిలోనూ ఉన్న ఐటెం కీలు ఒకటే.

సాఫ్ట్‌వేర్‌తో వచ్చిన అధికారిక టెంప్లేట్‌లోనే మార్పులు చేయవచ్చా?

సాంకేతికంగా చేయవచ్చు, కాని చేయవద్దు. కొత్త వెర్షన్ టెంప్లేట్‌ను దిగుమతి చేసుకున్న రోజున మీ మార్పులు చెరిగిపోయే అవకాశం ఉంది. పరిమితులు మాత్రమే మార్చాలనుకుంటే, మీ సంస్థ పేరుతో ఒక చిన్న టెంప్లేట్ తయారు చేసి, దానికి అధికారిక టెంప్లేట్‌ను లింక్ చేసి, మీకు కావలసిన మ్యాక్రో విలువలను మీ టెంప్లేట్‌లో రాసుకోండి. హోస్ట్‌లకు మీ టెంప్లేట్‌ను ఇవ్వండి. పైన ఉన్న టెంప్లేట్‌లోని మ్యాక్రో విలువ, లోపల ఉన్న టెంప్లేట్‌లోని విలువను కప్పేస్తుంది. ట్రిగ్గర్ సూత్రమే మార్చవలసి వస్తే అధికారిక టెంప్లేట్‌ను క్లోన్ చేసి, ఆ నకలుకు స్పష్టమైన వేరే పేరు పెట్టి మార్చుకోండి.

## కేటాయించేటప్పుడు

రెండు వందల సర్వర్లు ఉన్నాయి. ఒక్కొక్కదాన్ని తెరిచి లింక్ చేయాలా?

అక్కర లేదు. హోస్ట్‌ల జాబితాలో వాటిని ఎంచుకుని కింద ఉన్న మాస్ అప్‌డేట్ బటన్ నొక్కితే, టెంప్లేట్ల వరుసలో లింక్, రీప్లేస్, అన్‌లింక్ అనే మూడు ఎంపికలు కనిపిస్తాయి. లింక్ అంటే ఇప్పటికే ఉన్నవాటిని అలాగే ఉంచి కొత్తదాన్ని జోడించడం. రీప్లేస్ అంటే ఉన్నవాటన్నిటినీ విడదీసి, మీరిప్పుడు చెప్పినదాన్ని మాత్రమే ఉంచడం. పక్కనే "విడదీసేటప్పుడు తుడిచివేయి" అనే అర్థం వచ్చే ఒక టిక్ పెట్టె కూడా ఉంటుంది.

ఆ మూడు ఎంపికలూ ఒకే వరుసలో పక్కపక్కనే ఉండటం గురించి ఒక మాట చెప్పాలి. నేను గతంలో పనిచేసిన ఒక బృందంలో, అరవై డేటాబేస్ యంత్రాలకు ఒక చిన్న టెంప్లేట్ జోడించడానికి కూర్చున్న సహోద్యోగి లింక్ బదులు రీప్లేస్ ఎంచుకుని, ఆ పెట్టెలో టిక్ కూడా పెట్టారు. నిమిషం తిరగకముందే ఆ అరవై యంత్రాల ఆపరేటింగ్ సిస్టమ్ అలారాలు, మైఎస్‌క్యూఎల్ అలారాలు, వాటితోపాటు నెలల తరబడి పోగైన కొలతలు అన్నీ పోయాయి. టెంప్లేట్లను ఆ సాయంత్రానికే తిరిగి లింక్ చేశాం. పాత కొలతలు మాత్రం తిరిగి రాలేదు. ఆ త్రైమాసికంలో కొత్త డిస్కుల కొనుగోలుకు అంచనా వేయవలసిన గ్రాఫులు ఖాళీగా ఉండిపోయాయి. అందుకే మాస్ అప్‌డేట్ చేసే ముందు హోస్ట్‌లను యామల్ ఫైలుగా ఎగుమతి చేసి దాచుకోండి. మొదట ఒకే ఒక్క హోస్ట్ మీద చేసి చూడండి. అప్‌డేట్ నొక్కే ముందు ఎంపికను ఇంకొకరికి చూపించండి. ఏపీఐ (స్క్రిప్టుల నుంచి జాబిక్స్‌కు ఆదేశాలిచ్చే మార్గం) ద్వారా చేసేవారు కూడా, జోడించే పిలుపు వేరు, మొత్తాన్ని మార్చివేసే పిలుపు వేరు అన్న సంగతిని డాక్యుమెంటేషన్‌లో చదువుకున్నాకే స్క్రిప్టు రాయాలి.

కొత్త సర్వర్ లేవగానే తన అలారాలను తానే పొందేలా చేయవచ్చా?

చేయవచ్చు. దీన్ని ఆటోరిజిస్ట్రేషన్ అంటారు. ఇది యాక్టివ్ పద్ధతిలో నడిచే ఏజెంట్ల మీద ఆధారపడుతుంది. ఏజెంటు కాన్ఫిగరేషన్ ఫైలులో యాక్టివ్ సర్వర్ చిరునామాతోపాటు హోస్ట్ మెటాడేటా అనే వరుసలో ఆ యంత్రం గుర్తింపును రాయాలి, ఉదాహరణకు "లైనక్స్ డేటాబేస్ ప్రొడక్షన్" వంటి మాటలు. జాబిక్స్‌లో ఒక ఆటోరిజిస్ట్రేషన్ యాక్షన్ (షరతు కుదిరితే ఏ పని చేయాలో చెప్పే నియమం) తయారు చేసి, మెటాడేటాలో "డేటాబేస్" అనే మాట ఉంటే ఫలానా గ్రూపులో చేర్చు, ఫలానా టెంప్లేట్లు లింక్ చేయి అని చెప్పాలి. ఒకే యంత్రానికి రెండు మూడు యాక్షన్లు వర్తించవచ్చు కనుక లైనక్స్‌కు ఒకటి, డేటాబేస్‌కు ఒకటి అని విడివిడిగా రాసుకోవడం శుభ్రంగా ఉంటుంది.

రెండు జాగ్రత్తలు అవసరం. 10051 పోర్టును చేరగలిగిన ఏ ఏజెంటైనా తనను తాను నమోదు చేసుకోగలదు కనుక, ముందుగా పంచుకున్న రహస్య కీ ఉన్న ఏజెంట్లను మాత్రమే అనుమతించేలా ఆటోరిజిస్ట్రేషన్ ఎన్‌క్రిప్షన్‌ను ఆన్ చేయండి. అలాగే, ఏజెంటు ఇంకా నడుస్తున్న యంత్రాన్ని జాబిక్స్ తెర మీద తొలగించినా అది కొద్దిసేపటికి మళ్లీ ప్రత్యక్షమవుతుంది. ముందు ఆ యంత్రంలో ఏజెంటును ఆపి, తరువాత హోస్ట్‌ను తొలగించాలి.

"ఈ ఐటెం ఇప్పటికే మరో టెంప్లేట్ నుంచి వచ్చింది" అనే ఎర్రర్ వస్తోంది. ఏమి చేయాలి?

ఒక హోస్ట్‌లో ఒక ఐటెం కీ ఒక్కసారే ఉండగలదు. మీరు లింక్ చేయబోతున్న టెంప్లేట్‌లోను, ఇప్పటికే లింక్ అయి ఉన్న టెంప్లేట్‌లోను అదే కీ ఉంది కాబట్టి జాబిక్స్ ఒప్పుకోవడం లేదు. ఎక్కువగా ఇలా జరుగుతుంది: ఎవరో "వెబ్ సర్వర్" అనే సొంత టెంప్లేట్‌లో వెబ్ ఐటెంలతోపాటు సీపీయూ, మెమరీ ఐటెంలను కూడా పెట్టి ఉంటారు. ఆ యంత్రానికి లైనక్స్ టెంప్లేట్ ఇవ్వబోతే అవి ఢీకొంటాయి. రెండు సొంత టెంప్లేట్లు లోపల ఒకే అధికారిక టెంప్లేట్‌ను మోస్తున్నా ఇదే జరుగుతుంది. ఉమ్మడిగా ఉన్నదాన్ని ఒకే టెంప్లేట్‌లో ఉంచి మిగతావాటిలోంచి తీసేయడమే సరైన పరిష్కారం. కీకి ఒక అర్థంలేని పరామితి జోడించి తప్పించుకోవడం వల్ల ఒకే విలువను రెండుసార్లు కొలిచి, ఒకే సమస్యకు రెండు అలారాలు మోగించుకోవడమే మిగులుతుంది.

హోస్ట్ మీద నేను చేతితో పెట్టుకున్న ఐటెంలు టెంప్లేట్ లింక్ చేశాక ఏమవుతాయి?

టెంప్లేట్‌లో లేని ఐటెంలైతే అలాగే ఉంటాయి. అదే కీతో టెంప్లేట్‌లో కూడా ఐటెం ఉంటే, మీ ఐటెం టెంప్లేట్ ఐటెంగా మారిపోతుంది. దాని వెనుక ఉన్న పాత కొలతలు నిలుస్తాయి గాని, మీరు దానికి ప్రత్యేకంగా పెట్టుకున్న అమరికలు పోయి టెంప్లేట్ అమరికలు వస్తాయి. పది సెకన్లకోసారి కొలవాలని పెట్టుకున్న ఐటెం చడీచప్పుడు లేకుండా నిమిషానికోసారికి మారిపోవచ్చు. లింక్ చేసే ముందు అటువంటివాటిని ఒక చోట రాసి పెట్టుకోండి.

ఒకేసారి అందరికీ ఇచ్చేస్తే జాబిక్స్ సర్వర్ మీద భారం పడదా?

పడుతుంది, కాని దాన్ని ముందే లెక్కించుకోవచ్చు. ఒక టెంప్లేట్‌లో నిమిషానికోసారి కొలిచే ఐటెంలు 70 ఉన్నాయనుకుందాం. 200 హోస్ట్‌లకు ఇస్తే నిమిషానికి 14,000 విలువలు, అంటే సెకనుకు దాదాపు 233 కొత్త విలువలు డేటాబేస్‌లోకి వెళ్తాయి. సిస్టమ్ సమాచారం పేజీలో ఇప్పటికే సెకనుకు ఎన్ని విలువలు అవసరమవుతున్నాయో కనిపిస్తుంది. ఆ సంఖ్యకు దీన్ని కలిపి చూసుకోండి. పదుల సంఖ్యలో విడతలుగా ఇవ్వడం మంచిది.

## కేటాయించిన తరువాత

లింక్ చేశాను గాని డేటా రావడం లేదు. ఎంతసేపు ఆగాలి?

ఇది మీ వెర్షన్ మీద, మధ్యలో ప్రాక్సీ ఉందా అన్నదాని మీద ఆధారపడుతుంది. మీరు చేసిన మార్పు ముందు డేటాబేస్‌లోకి వెళ్తుంది. సర్వర్ తన కాన్ఫిగరేషన్ క్యాష్‌ను (మెమరీలో ఉంచుకున్న అమరికల నకలును) తాజా చేసుకున్నప్పుడే దానికి ఆ సంగతి తెలుస్తుంది. 6.0లో ఈ వ్యవధి సహజంగా 60 సెకన్లు. యాక్టివ్ ఏజెంటు తన జాబితాను 120 సెకన్లకోసారి అడుగుతుంది. ప్రాక్సీ అయితే సర్వర్ నుంచి కాన్ఫిగరేషన్‌ను 3600 సెకన్లకు, అంటే గంటకు ఒకసారి తెచ్చుకుంటుంది. కాబట్టి 6.0లో ప్రాక్సీ వెనుక ఉన్న యంత్రానికి టెంప్లేట్ ఇచ్చి, పావుగంటకే "పని చేయడం లేదు" అని దాన్ని తీసేసి మళ్లీ పెట్టేవారు అనవసరంగా శ్రమపడుతున్నారు. కన్సోల్ నుంచి ప్రాక్సీకి కాన్ఫిగరేషన్ క్యాష్ రీలోడ్ ఆదేశం ఇస్తే గంట ఆగనక్కర లేదు.

6.4 నుంచి ఈ వ్యవధులు బాగా తగ్గాయి: సర్వర్ క్యాష్‌కు 10 సెకన్లు, ప్రాక్సీకి 10 సెకన్లు, యాక్టివ్ ఏజెంటుకు 5 సెకన్లు. ఆ వెర్షన్లలో అయిదు నిమిషాలు దాటినా డేటా రాకపోతే అది ఆలస్యం కాదు, లోపం. అయితే కాన్ఫిగరేషన్ ఫైలులో ఎవరైనా పాత విలువలను చేతితో రాసి ఉంచారేమో ముందు చూడండి.

ఏజెంటు గుర్తు పచ్చగానే ఉంది, కాని యాక్టివ్ ఐటెంలన్నీ ఖాళీగా ఉన్నాయి. ఎందుకు?

చాలా సందర్భాల్లో కారణం పేరు. ఏజెంటు ఫైలులో రాసిన హోస్ట్‌నేమ్, జాబిక్స్‌లో ఉన్న హోస్ట్ పేరు అక్షరం పొల్లుపోకుండా ఒకటే కావాలి. పెద్ద అక్షరాలకు, చిన్న అక్షరాలకు ఉన్న తేడాను కూడా అది లెక్కలోకి తీసుకుంటుంది. తెర మీద కనిపించే పేరు వేరు, అసలు హోస్ట్ పేరు వేరు కావచ్చు. పోల్చవలసింది రెండోదాన్ని. ఏజెంటు లాగ్ ఫైలు తెరిస్తే "ఈ పేరుతో హోస్ట్ దొరకలేదు" అనే వాక్యం పదేపదే కనిపిస్తుంది. పేరు సరిగానే ఉంటే, ఏజెంటు ఉన్న యంత్రం నుంచి సర్వర్ 10051 పోర్టుకు దారి ఉందో లేదో చూడాలి. 10050కు దారి ఉన్నంత మాత్రాన ఇది పని చేయదు.

సీపీయూ, మెమరీ అలారాలు వచ్చాయి. డిస్కు అలారాలు మాత్రం కనబడటం లేదు.

డిస్కులు, నెట్‌వర్క్ కార్డులు యంత్రం యంత్రానికీ మారతాయి కాబట్టి వాటి అలారాలు టెంప్లేట్‌లో నేరుగా ఉండవు. అక్కడ ఉండేది డిస్కవరీ నియమం, నమూనాలు మాత్రమే. ఆ నియమం ఒకసారి నడిచి, యంత్రంలో ఏ డిస్కులు ఉన్నాయో కనుక్కున్నాకే ఒక్కోదానికి ట్రిగ్గర్లు పుడతాయి. చాలా అధికారిక టెంప్లేట్లలో ఈ వ్యవధి 1 గంట. ఆగలేకపోతే హోస్ట్‌లోని డిస్కవరీ నియమాన్ని ఎంచుకుని "ఇప్పుడే నడుపు" అనే అర్థం వచ్చే ఎగ్జిక్యూట్ నౌ బటన్ నొక్కండి. అప్పటికీ రాకపోతే, ఏ రకం ఫైల్ సిస్టమ్‌లను చేర్చాలి, వేటిని వదలాలి అని చెప్పే వడపోత మ్యాక్రోలను చూడండి.

అలారం తెర మీద కనిపిస్తోంది, కాని మా బృందానికి మెయిల్ రావడం లేదు.

అలారం కేటాయించడం, దాన్ని మనిషికి చేర్చడం వేర్వేరు ఏర్పాట్లు. ఈ వరుసలో చూడండి. మొదట, ట్రిగ్గర్ యాక్షన్ ఆన్‌లో ఉందా, దాని షరతుల్లో మీ హోస్ట్ గ్రూపు, మీ తీవ్రత స్థాయి ఉన్నాయా? తరువాత, మెయిల్ అందుకోవలసిన వ్యక్తి ప్రొఫైల్‌లో మీడియా (మెయిల్ చిరునామా వంటి కబురు చేరే మార్గం) ఉందా, అందులో ఆ తీవ్రతకు టిక్ ఉందా, పని వేళల వ్యవధి రాత్రికి కూడా వర్తిస్తుందా?

చివరిది, అందరూ మరిచిపోయేది అనుమతి. ఆ వ్యక్తి ఉన్న యూజర్ గ్రూపుకు ఆ హోస్ట్ ఉన్న హోస్ట్ గ్రూపు మీద కనీసం చదివే హక్కు లేకపోతే, యాక్షన్‌లో ఆయన పేరు స్పష్టంగా రాసి ఉన్నా జాబిక్స్ ఆయనకు కబురు పంపదు. ఎర్రర్ కూడా చూపదు. అడ్మిన్ ఖాతాతో పరీక్షించి "నాకు వస్తోంది" అని సంతృప్తి పడటం వల్ల ఈ లోపం నెలల తరబడి దాగి ఉంటుంది. పరీక్షించేటప్పుడు షిఫ్టులో కూర్చునే మనిషి ఖాతాతోనే పరీక్షించండి.

## పరిమితులు, మినహాయింపులు

ఒక్క సర్వర్‌కు మాత్రం సీపీయూ పరిమితి 90 కాకుండా 97 ఉండాలి. టెంప్లేట్‌ను నకలు తీయాలా?

అవసరం లేదు. ఆ హోస్ట్‌ను తెరిచి, మ్యాక్రోల ట్యాబ్‌లో టెంప్లేట్ నుంచి వచ్చిన మ్యాక్రోలను చూపించమని అడిగి, సీపీయూ పరిమితి మ్యాక్రో పక్కన మార్చు నొక్కి 97 రాయండి. ఆ ఒక్క హోస్ట్‌కే అది వర్తిస్తుంది. ఒక్కో మినహాయింపుకు ఒక్కో నకలు తీస్తూ పోతే ఏడాదిలో "లైనక్స్", "లైనక్స్ కొత్తది", "లైనక్స్ కొత్తది రెండు" అనే పేర్లతో పది టెంప్లేట్లు తయారై, ఏ యంత్రానికి ఏ నియమం వర్తిస్తోందో ఎవరికీ తెలియకుండా పోతుంది. మ్యాక్రో పక్కన వివరణ రాసే చోటు ఉంది. ఎందుకు 97 అన్నది, ఎవరు అడిగారన్నది అక్కడ ఒక వాక్యంలో రాయండి.

ఒకే సర్వర్‌లో బ్యాకప్ డిస్కుకు ఒక పరిమితి, మిగతావాటికి మరొక పరిమితి పెట్టగలమా?

పెట్టగలం. మ్యాక్రో పేరు తరువాత కోలన్ పెట్టి, కొటేషన్లలో డిస్కు దారిని రాస్తే ఆ విలువ ఆ డిస్కుకే వర్తిస్తుంది. దీన్ని మ్యాక్రో సందర్భం అంటారు. అధికారిక లైనక్స్ టెంప్లేట్‌లో డిస్కు నిండటానికి హెచ్చరిక 80 శాతం దగ్గర, తీవ్రమైన అలారం 90 శాతం దగ్గర ఉంటాయి. ఎప్పుడూ 92 శాతం నిండి ఉండేలా రూపొందించిన బ్యాకప్ డిస్కుకు వీటిని 95, 98గా మార్చుకోవచ్చు. మిగిలిన డిస్కుల మీద కాపలా తగ్గదు.

ఒకే మ్యాక్రో రెండు మూడు చోట్ల ఉంటే ఏది చెల్లుతుంది?

హోస్ట్ మీద రాసినది అన్నిటికన్నా ముందు చెల్లుతుంది. అది లేకపోతే హోస్ట్‌కు నేరుగా లింక్ అయిన టెంప్లేట్‌లోనిది, తరువాత ఆ టెంప్లేట్ లోపల ఉన్న టెంప్లేట్‌లోనిది, చివరికి గ్లోబల్ మ్యాక్రో. నేరుగా లింక్ అయిన రెండు టెంప్లేట్లలో ఒకే మ్యాక్రో ఉంటే టెంప్లేట్ల అంతర్గత సంఖ్యల క్రమం నిర్ణయిస్తుంది. దాని మీద ఆధారపడి ఏదీ రూపొందించకండి.

టెంప్లేట్ నుంచి వచ్చిన ట్రిగ్గర్‌ను హోస్ట్ దగ్గర మార్చగలనా?

సూత్రాన్ని మార్చలేరు. తీవ్రతను మార్చగలరు, ట్రిగ్గర్‌ను ఆపగలరు. జాబిక్స్‌లో తీవ్రత ఆరు స్థాయిలు: వర్గీకరించనిది, సమాచారం, హెచ్చరిక, మధ్యస్థం, అధికం, విపత్తు. పరీక్షల కోసం వాడే యంత్రంలో అధికాన్ని హెచ్చరికకు దించడం వంటివి హోస్ట్ దగ్గరే చేయవచ్చు. అటువంటి యంత్రాలు ఇరవై ఉంటే మాత్రం వాటికి వేరే టెంప్లేట్ ఉండటమే సబబు.

ఒకే అలారం పది నిమిషాల్లో నాలుగుసార్లు వచ్చి పోతోంది. ఎలా ఆపాలి?

విలువ పరిమితికి అటూ ఇటూ ఊగుతోందన్నమాట. 88, 91, 89, 92 అని వస్తూ ఉంటే, చివరి విలువ ఒక్కదాన్నే చూసే ట్రిగ్గర్ ప్రతిసారీ మోగి ఆగుతుంది. దీనికి రెండు మార్గాలున్నాయి. మొదటిది, చివరి విలువకు బదులు అయిదు నిమిషాల కనిష్ఠ విలువను చూడటం. అధికారిక లైనక్స్ టెంప్లేట్ సీపీయూ ట్రిగ్గర్ అలాగే ఉంటుంది, అంటే అయిదు నిమిషాల్లో వచ్చిన ప్రతి విలువా 90 దాటితేనే మోగుతుంది. రెండోది, కోలుకోవడానికి వేరే సూత్రం రాయడం: 90 దాటితే సమస్య, 80 కన్నా దిగితేనే సమస్య తీరినట్టు. మధ్యలో ఎంత ఊగినా అలారం ఒక్కటే ఉంటుంది. డిస్కు, క్యూ పొడవు వంటివాటికి రెండో మార్గం చక్కగా కుదురుతుంది.

## మోత తగ్గించడం

ఒక్క స్విచ్ పోతే దాని వెనుక ఉన్న నలభై సర్వర్ల అలారాలూ ఒకేసారి మోగుతున్నాయి.

ట్రిగ్గర్ డిపెండెన్సీ పెట్టండి. సర్వర్ అందుబాటు ట్రిగ్గర్, స్విచ్ అందుబాటు ట్రిగ్గర్ మీద ఆధారపడుతుందని చెబితే, స్విచ్ సమస్యలో ఉన్నంతసేపు సర్వర్ ట్రిగ్గర్ స్థితి మారదు, కబురూ వెళ్లదు. షిఫ్టులో ఉన్నవారికి నలభై మెయిళ్లకు బదులు అసలు కారణం చెప్పే ఒక్క మెయిలు వస్తుంది. స్విచ్‌ను సర్వర్లకన్నా తరచుగా, లేదా కనీసం అంతే తరచుగా పరీక్షించాలి. లేకపోతే స్విచ్ పోయిందని తెలిసేలోగానే సర్వర్ అలారాలు బయలుదేరిపోతాయి.

ప్యాచింగ్ రాత్రి అలారాలు రాకూడదు. టెంప్లేట్ తీసేసి తరువాత మళ్లీ పెట్టాలా?

వద్దు. మెయింటెనెన్స్ వ్యవధి ఏర్పాటు చేయండి. డేటా సేకరణతో కూడిన మెయింటెనెన్స్‌లో కొలతలు కొనసాగుతాయి, సమస్యలు అణచి ఉంచబడతాయి. యాక్షన్‌లో "అణచిన సమస్యలకు పనులు ఆపు" అనే ఎంపిక ఉంటే కబుర్లు వెళ్లవు. డేటా సేకరణ లేని రకంలో కొలతలే ఆగిపోతాయి. మామూలు ప్యాచింగ్‌కు మొదటిదే మంచిది, ఎందుకంటే రీస్టార్ట్ తరువాత మెమరీ, సీపీయూ ఎలా ఉన్నాయో తెల్లవారి చూసుకోవడానికి గ్రాఫు మిగులుతుంది.

## తీసివేయడం, మార్చడం

అన్‌లింక్, అన్‌లింక్ అండ్ క్లియర్ అని రెండున్నాయి. తేడా ఏమిటి?

అన్‌లింక్ చేస్తే టెంప్లేట్‌తో బంధం తెగుతుంది గాని ఐటెంలు, ట్రిగ్గర్లు, పాత కొలతలు హోస్ట్ సొంత ఆస్తిగా అక్కడే ఉంటాయి, అలారాలూ మోగుతూనే ఉంటాయి. అన్‌లింక్ అండ్ క్లియర్ చేస్తే అవన్నీ తొలగిపోతాయి, కొలతల చరిత్రతో సహా. ఆ సేవ ఆ యంత్రం నుంచి శాశ్వతంగా వెళ్లిపోయిందని, పాత గ్రాఫులు ఎవరికీ అక్కర లేదని నిర్ధారించుకున్నప్పుడే రెండోది వాడాలి. సందేహం ఉంటే అన్‌లింక్ చేసి, ట్రిగ్గర్లను ఆపి, ఒక నెల ఆగండి.

సర్వర్ పని మారింది. మెటాడేటా మారిస్తే పాత అలారాలు పోతాయా?

పోవు. ఏజెంటు మెటాడేటాను మారిస్తే ఆటోరిజిస్ట్రేషన్ మళ్లీ నడిచి కొత్త టెంప్లేట్లు లింక్ అవుతాయి, పాతవి మాత్రం తమంతట తాము విడిపోవు. నిన్నటిదాకా డేటాబేస్‌గా ఉండి నేడు వెబ్ సర్వర్ అయిన యంత్రం, లేని మైఎస్‌క్యూఎల్ గురించి రాత్రంతా మొరపెట్టుకుంటుంది. పాత టెంప్లేట్‌ను చేతితో గాని, స్క్రిప్టుతో గాని తీసేయాలి.

జాబిక్స్ వెర్షన్ పెంచితే టెంప్లేట్లు కూడా కొత్తవి అవుతాయా?

అవ్వవు. సర్వర్ ప్రోగ్రాము, డేటాబేస్ నిర్మాణం మారతాయి, మీ దగ్గర ఉన్న టెంప్లేట్లు అలాగే ఉంటాయి. కొత్తవి కావాలంటే ఆ వెర్షన్‌కు చెందిన టెంప్లేట్ ఫైలును మీరే దిగుమతి చేసుకోవాలి. దిగుమతి తెరలో ఏవి చేరుతాయి, ఏవి మారతాయి, ఏవి పోతాయి అన్నది రంగులతో చూపించే పోలిక వస్తుంది. "లేనివాటిని తొలగించు" అనే గడిలో టిక్ పెట్టే ముందు ఆ పోలికను చివరిదాకా చదవండి.

ఏ సర్వర్‌కు అలారాలే లేవో ఎలా తెలుసుకోవాలి?

హోస్ట్‌ల జాబితాలో టెంప్లేట్ పేరుతో వడపోస్తే అది లింక్ అయిన హోస్ట్‌లే కనిపిస్తాయి, లేనివి కనిపించవు. కాబట్టి ఏపీఐ ద్వారా ప్రతి హోస్ట్‌నూ, దానికి లింక్ అయిన టెంప్లేట్లనూ తెప్పించుకుని, టెంప్లేట్ల జాబితా ఖాళీగా ఉన్నవాటిని విడదీసే ఒక చిన్న స్క్రిప్టును వారానికోసారి నడపండి. అదే స్క్రిప్టులో, మీ సర్వర్ల అసలు జాబితాను జాబిక్స్‌లోని హోస్ట్‌ల జాబితాతో పోల్చండి. మొదటిసారి నడిపిన రోజున బయటపడే పేర్లను ఆ రోజే సరిచేయండి. ఆ జాబితాలో ఉన్న యంత్రాల్లో ఏది పడిపోయినా, మీకన్నా ముందు ఆ సంగతి దాన్ని వాడుకుంటున్నవారికే తెలుస్తుంది.